మొదటి సైకిల్ పోటీకి స్పేరు చక్రం: ఏది పడుతుంది, ఏది పడదు

మొదటిసారి సైకిల్ పోటీకి పేరిచ్చిన పిల్లలు బండి బరువు గురించి, వేసుకునే బట్టల గురించి, ముందురోజు తినే తిండి గురించి చాలా వాకబు చేస్తారు. దారిలో పంచరైతే ఏం చేస్తావంటే మాత్రం "ఎవరిదో ఒక చక్రం అడిగి వేసుకుంటా" అంటారు. నెల్లూరు తీరంలో ఆ ధీమా పనికిరాదు. మైపాడుకో, కోడూరుకో, కృష్ణపట్నానికో పోయే దారుల్లో టైరుకు ముల్లు దిగడం మామూలు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇవాళ బయలుదేరే గీత మీద పక్కపక్కన నిలబడ్డ రెండు సైకిళ్లలో ఒకదాని చక్రం రెండోదానికి పడుతుందని పరీక్షించకుండా ఎవరూ చెప్పలేరు. ముప్పై ఏళ్ల కిందట రేసు సైకిళ్ల చక్రాలు దాదాపు ఒకే పోలికలో ఉండేవి. ఇప్పుడు రిమ్ములో, ఇరుసులో, గేర్లలో, బ్రేకులో, చివరికి గాలి నిలిపే పద్ధతిలో కూడా రకాలు పెరిగిపోయాయి.

పెద్ద పోటీల చరిత్ర చూస్తే ఈ చిక్కు ఎలా పెరిగిందో అర్థమవుతుంది. టూర్ ద ఫ్రాన్స్ తొలి రోజుల్లో బండి పాడైతే తొక్కేవాడే బాగుచేసుకోవాలి. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారు పిరనీస్ కొండల్లో ఫోర్కు విరిగితే కింద ఊళ్లో కొలిమి దగ్గర తన చేత్తోనే అతికించుకున్నాడు. తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు చెయ్యి కలిపాడని అధికారులు క్రిస్టోఫ్‌కి శిక్షగా అదనపు సమయం కలిపారు. 1934 నాటికి జట్టులోవాళ్లు ఒకరికొకరు సాయపడటానికి వీలొచ్చింది. ఆ ఏడాది ఇరవయ్యేళ్ల రెనె వియెట్టో, నాయకుడు ఆంటొనాన్ మాన్యు చక్రం విరిగితే తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేసి, సాయం బండి కోసం దారి పక్క గోడ మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. మాన్యు ఆ టూర్ గెలిచాడు, వియెట్టో ఐదో స్థానంలో నిలిచాడు. అప్పట్లో ఆ త్యాగానికి అర్థం ఉందంటే, ఒకరి చక్రం ఇంకొకరి బండికి పడేది కాబట్టే.

1973లో పారిస్-నీస్ పోటీలో మావిక్ అనే ఫ్రెంచి కంపెనీ, ఏ జట్టువాళ్లన్న తేడా లేకుండా అందరికీ చక్రాలిచ్చే తటస్థ సాయం బండ్లు నడిపింది. టూర్‌లో ఆ పని 2021 నుంచి షిమానో కంపెనీ చేస్తోంది. అన్ని హంగులూ ఉన్న చోట కూడా సరిపోని సరుకు చేతికొస్తే ఏమవుతుందో 2016 జులై 14న లోకమంతా చూసింది. మోంట్ వాంటూ కొండ మీద జనం ఒత్తిడికి ముందున్న మోటార్ సైకిల్ ఆగిపోయి, దాన్ని గుద్దుకుని జరిగిన ప్రమాదంలో టూర్ పోటీదారు క్రిస్ ఫ్రూమ్ బండి విరిగింది. కొంత దూరం కాళ్లతోనే పరిగెత్తాడు. తటస్థ సాయం బండి ఒక సైకిల్ ఇచ్చింది. అది అతనికి చిన్నది, పెడళ్లు అతని బూట్లకు పట్టలేదు. తన జట్టు సైకిల్ వచ్చేదాకా గతి లేకపోయింది. డిస్కు బ్రేకులు వచ్చాక ఈ తలనొప్పి ఇంకా పెరిగింది. అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 2018 జులైలో రోడ్డు పోటీలకు డిస్కు బ్రేకుల్ని పూర్తిగా అనుమతించింది. ఆ పైన కొన్నేళ్లు ఒకే గుంపులో రిమ్ము బ్రేకులవాళ్లూ డిస్కు బ్రేకులవాళ్లూ కలిసి తొక్కారు. సాయం బండి పైకప్పు మీద రెండు రకాల చక్రాలూ మోయాల్సి వచ్చింది. జిల్లా స్థాయి పోటీలో మనకు ఆ పైకప్పే ఉండదు. అక్కడ ఎవరి చక్రం వాళ్లు చూసుకోవాల్సిందే.

అయితే స్పేరు చక్రం ప్రతి పోటీకీ పనికిరాదు. మొదట పోటీ రకం చూసుకోవాలి. అందరూ కలిసి బయలుదేరే రోడ్డు రేసులో, యూసీఐ నియమాల ప్రకారం, సొంత జట్టువాడి దగ్గర, జట్టు బండి దగ్గర, తటస్థ సాయం బండి దగ్గర చక్రం తీసుకోవచ్చు. ఆ మార్పు గుంపు వెనక, ఆగి ఉన్నప్పుడే జరగాలి. వేరే జట్టువాడి చక్రం తీసుకోకూడదు. దారిలో కనపడ్డ స్నేహితుడి చక్రం అడుగుదామనుకునే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. చిన్న వలయంలో చుట్లు తిరిగే క్రైటీరియం పోటీలో చక్రాలు ఒక చోట పెట్టుకుంటారు. నిజంగా పంచరైనవాళ్లకు ఒకటి రెండు చుట్ల మినహాయింపు ఉంటుంది. స్పేరు చక్రానికి అన్నిటికంటే ఎక్కువ విలువ ఉన్న పోటీ అదే. ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలే టైమ్ ట్రయల్‌లో వెనక వచ్చే బండి కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. ఆ బండే లేకపోతే, పొట్టి దూరపు టైమ్ ట్రయల్‌లో పంచరంటే ఆ రోజుకు పోటీ అయిపోయినట్టే. అయినా చక్రం తెచ్చుకోమనే నేను చెబుతాను. ఒళ్లు వేడెక్కడానికి తొక్కేటప్పుడే ముల్లు దిగుతుంది, గీత దగ్గరికి వచ్చేసరికి టైరు మెత్తబడి ఉంటుంది. అప్పుడు ట్యూబు మార్చుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

హైదరాబాదు, చెన్నై రాండనర్ సంఘాలు జరిపే, గడువులోపు సుదూరం తొక్కే బీఆర్ఎంలు వేరు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 నలభై గంటల్లో ముగించాలి. అవి పందేలు కావు, బయటి సాయం కంట్రోల్ పాయింట్ల దగ్గరే తీసుకోవాలి. అక్కడ నడిచేది రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతి పంపు. స్పేరు చక్రం మాట అక్కడ లేదు.

ఇక అసలు విషయం, చక్రం పడటం. నెల్లూరులో అయినా, కావలిలో అయినా పాత సైకిల్ షాపుకు వెళ్లి రేసు సైకిల్‌కి రిమ్ము కావాలంటే మొదట వినపడే మాట "ఇరవై ఎనిమిదే గదా అబ్బయా, పడుద్ది" అని. ఆ మేస్త్రీ అబద్ధం చెప్పడం లేదు. ఆయన జీవితమంతా చూసిన హీరో, అట్లాస్, హెర్క్యులిస్ పెద్ద సైకిళ్ల టైరు మీద 28×1½ అనే ఉంటుంది. రేసు సైకిల్ టైర్ల మీద 700సి అని ఉంటుంది, కొన్నిటి మీద దానితోపాటు 28 అని కూడా ఉంటుంది. రెండూ ఇరవై ఎనిమిదే, కానీ రెండు చక్రాలూ ఒకటి కావు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో జత అంకెలు అచ్చై ఉంటాయి: ఒకదాని మీద 40-635, ఇంకోదాని మీద 25-622. మొదటి అంకె టైరు వెడల్పు. రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. 635కీ 622కీ పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఆ టైరు ఈ రిమ్ముకు బిగియదు, ఈ చక్రం ఆ బండి బ్రేకుకు అందదు.

ఇరవై ఆరు ఇంకా గందరగోళం. కొండ సైకిల్ మీద 26 అంటే 559. ఆడపిల్లల సైకిళ్ల మీద, ఎస్ఎల్ఆర్ రకాల మీద కనపడే 26×1⅜ అంటే 590. 26×1½ అంటే 584. ఆ 584నే ఇప్పుడు 27.5 పేరుతో కొత్త కొండ సైకిళ్ల మీద అమ్ముతున్నారు. 29 అని రాసి ఉన్న కొండ సైకిల్ చక్రం లోపలి కొలత 700సి లాగే 622. అందుకే అన్నయ్య 29 సైకిల్ చక్రం తమ్ముడి రోడ్డు సైకిల్‌కి పడుతుందని ఎవరో చెబితే అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. రిమ్ము కొలత కలుస్తుంది, ఇరుసు చాలాసార్లు కలవదు. చక్రం కొనే ముందు, అరువు తెచ్చుకునే ముందు పేరు వదిలేసి ఆ రెండో అంకె చూడండి. రేసు సైకిళ్లలో ఎక్కువ భాగం 622 కాబట్టి ఈ మెట్టు చాలామంది సులభంగానే దాటుతారు.

ఇరుసు దగ్గర చూడాల్సింది రెండు: బిగించే పద్ధతి, వెడల్పు. ఒక పద్ధతి మీట తిప్పి బిగించే క్విక్ రిలీజ్. ముందు చక్రానికి ఫోర్కు లోపలి వెడల్పు 100 మిల్లీమీటర్లు. వెనక రిమ్ము బ్రేకు రోడ్డు బండికి 130, డిస్కు బండికి, హైబ్రిడ్ బండికి 135. రెండో పద్ధతి బోలు గొట్టంలాంటి ఇరుసు ఫ్రేమ్ గుండా దూరి మరల్లో బిగిసే త్రూ యాక్సిల్. కొత్త రోడ్డు బండ్లలో అది ముందు 12×100, వెనక 12×142. క్విక్ రిలీజ్ చక్రం త్రూ యాక్సిల్ బండికి పడదు. కొన్ని హబ్బులకు చివరి టోపీలు మార్చి రెండు విధాలా వాడుకోవచ్చు, కానీ ఆ మార్పు ఇంటి దగ్గరే చేసి పెట్టుకోవాలి. త్రూ యాక్సిల్‌లో ఒక సుఖం ఉంది. ఇరుసు ఫ్రేమ్‌దే, చక్రం వెంట పోదు. క్విక్ రిలీజ్‌లో మీట చక్రంతోపాటే వస్తుంది, స్పేరు చక్రానికి కూడా మీట గుచ్చి ఉంచాలి. 135 వెనక చక్రాన్ని 130 ఫ్రేమ్‌లోకి నొక్కి దూర్చేవాళ్లను చూస్తుంటాం. అల్యూమినియం, కార్బన్ ఫ్రేమ్‌లకు ఆ పని ఎప్పుడూ చేయకండి.

ముందు చక్రానికి పరీక్ష ఇక్కడితో, బ్రేకుతో అయిపోతుంది. వెనక చక్రమే కష్టం, అక్కడ గేర్లున్నాయి. గేర్ల సంఖ్య మారితే పళ్లచక్రాల మధ్య ఎడం మారుతుంది. షిమానో ఎనిమిది గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక పళ్లచక్రాల గుత్తిలో, ఒక పళ్లచక్రం నుంచి పక్కదానికి 4.8 మిల్లీమీటర్లు, తొమ్మిదిలో 4.35, పదిలో 3.95, పదకొండులో 3.74. హ్యాండిల్ మీది మీట ఒక్కసారి నొక్కితే తీగ ఎంత లాగాలో ఆ ఎడం బట్టే నిర్ణయించి ఉంటుంది. పది గేర్ల బండికి పదకొండు గేర్ల చక్రం వేస్తే మొదటి రెండు గేర్లు బాగానే పడినట్టు అనిపిస్తుంది. మధ్యకు వచ్చేసరికి చైను రెండు పళ్లచక్రాల నడుమ కరకరలాడుతుంది, గట్టిగా తొక్కితే జారుతుంది. స్పేరు చక్రం మీద గేర్లు ఎన్ని ఉన్నాయో, బండికి ఎన్ని ఉన్నాయో కచ్చితంగా సమానం ఉండాలి. ఇందులో సర్దుబాటు లేదు.

సర్దుబాటు ఉన్నది క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ దగ్గర. రోడ్డు బండ్ల పదకొండు గేర్ల ఫ్రీహబ్ పాతదానికంటే 1.85 మిల్లీమీటర్లు పొడవు. పది గేర్ల క్యాసెట్‌ను దాని మీద వేయాలంటే అంత మందం ఉన్న ఉంగరం అదనంగా లోపల వేయాలి. తిరగేసి, పదకొండు గేర్ల రోడ్డు క్యాసెట్‌ను పాత పొట్టి ఫ్రీహబ్ మీద వేద్దామంటే సాధారణంగా కూర్చోదు. షిమానో పన్నెండు గేర్ల రోడ్డు క్యాసెట్లు పదకొండు గేర్ల ఫ్రీహబ్ మీద ఎక్కుతాయి. శ్రామ్ కంపెనీ పన్నెండు గేర్లకు ఎక్కువగా ఎక్స్‌డీఆర్ అనే వేరే ఫ్రీహబ్ కావాలి. కంపాన్యోలో కంపెనీకి దాని గాళ్లు దానివే. తక్కువ ధర గేరు సైకిళ్లలో అసలు క్యాసెట్టే ఉండదు. హబ్బు మీద మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. ఇదంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. క్యాసెట్ ముందే బిగించి ఉన్న చక్రం అరువు తెచ్చుకుంటే ఫ్రీహబ్ గొడవ మీది కాదు, గేర్ల లెక్కే మీది.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. మీ బండి క్యాసెట్‌లో అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం 28 పళ్లది అనుకుందాం. చైను పొడవు, కుర్రాళ్లు ఆర్‌డీ అని పిలిచే వెనక డెరైలర్ దానికే సరిపెట్టి ఉంటాయి. అరువు చక్రం మీద 34 పళ్లది ఉంటే, అలసిన క్షణంలో ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి వేశారంటే చైను బిగుసుకుపోయి ఆర్‌డీ హ్యాంగర్‌తో సహా విరిగిపోవచ్చు. స్పేరు చక్రం పెద్ద పళ్లు మీవాటికి సమానంగా గానీ తక్కువగా గానీ ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. కొండల్లేని నెల్లూరు తీరంలో 28 పళ్లకు మించి అవసరం కూడా లేదు. చైను అరుగుదల కూడా చూసుకోవాలి. అరిగిన చైను మీ పాత క్యాసెట్‌తో కలిసి అరిగి ఉంటుంది కాబట్టి సజావుగా నడుస్తుంది. అదే చైను కొత్త క్యాసెట్ మీద పడితే చిన్న పళ్లచక్రాల మీద ఎగిరెగిరి పడుతుంది. పోటీకి ముందు చైను గేజీ పెట్టి చూసి, అరుగుదల 0.5 శాతం దాటితే చైను మార్చేయండి. చక్రం కంటే చైను చవక.

బ్రేకు సంగతి. రిమ్ము బ్రేకు బండికి చూడాల్సింది రిమ్ము వెడల్పు. పాత అల్యూమినియం రిమ్ములు బయటివైపు కొలిస్తే 19, 20 మిల్లీమీటర్లు ఉంటాయి, కొత్తవి 23, 25 ఉంటాయి. సన్న రిమ్ముకు బిగించిన బ్రేకు మధ్యలోకి వెడల్పు రిమ్ము దూరితే బ్రేకు కట్టెలు (ప్యాడ్లు) ఒరుసుకుంటాయి. వెడల్పుకు బిగించినచోట సన్నది పడితే మీట హ్యాండిల్ దాకా వస్తుంది. ఆ అవస్థలో బండి ఆగదు. కార్బన్ రిమ్ముకు అల్యూమినియం రిమ్ము కట్టెలు వాడకూడదు. అవి ఎక్కువ వేడెక్కిస్తాయి. పైగా అల్యూమినియం మీద అరిగిన కట్టెల్లో లోహపు రవ్వలు ఇరుక్కుని ఉండి కార్బన్‌ను గీకేస్తాయి. అసలు చక్రం కార్బన్, స్పేరు అల్యూమినియం పెట్టుకున్నవాళ్లు నడిదారిలో కట్టెలు మార్చుకోలేరు కదా. మొదటి పోటీకి రెండూ అల్యూమినియమే ఉండటం మేలు.

డిస్కు బ్రేకులో కట్టెకూ, డిస్కు అనే రేకుకూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు కంటే తక్కువ. ఒక ఆదివారం పొద్దున మైపాడు దారిలో జరిగింది చూశాను. ఒక కుర్రాడికి వెనక టైరు పోయింది. వెంట వచ్చినవాడు బండి ఆపి తన చక్రం ఇచ్చాడు. అదే 160 మిల్లీమీటర్ల రేకు, అదే పదకొండు గేర్లు, అదే త్రూ యాక్సిల్. బిగించారు. చక్రం చేత్తో తిప్పితే ఒకటిన్నర చుట్టుకే నిలిచిపోయింది, రేకు ఒక పక్క కట్టెను సర్రున ఒరుసుకుంటోంది. కాలిపర్ రెండు మరలూ వదులు చేసి, మీట నొక్కి పట్టి, మళ్లీ బిగిస్తే సరైంది. ఇద్దరూ తెలివైనవాళ్లే, పనిముట్లూ ఉన్నాయి. అయినా పోటీలో అయితే గుంపు అప్పటికి కనపడనంత దూరం పోయి ఉండేది. హబ్బు తయారీలో వెంట్రుకవాసి తేడా చాలు రేకు పక్కకు జరగడానికి. దీనికి విరుగుడుగా రేకు కింద 0.2 మిల్లీమీటర్ల సన్నని ఉంగరాలు పెట్టి స్పేరు చక్రం రేకును అసలు చక్రం రేకు ఉన్న చోటికే తెచ్చుకోవచ్చు. రేకు ఆరు మరలతో బిగిసిందా, సెంటర్‌లాక్‌తో బిగిసిందా అన్నది రేకు మార్చేటప్పుడే పట్టించుకోవాలి. బండికి కావాల్సింది 140 అయితే 140, 160 అయితే 160. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు బ్రేకు మీట పొరపాటున నొక్కితే హైడ్రాలిక్ కట్టెలు మూసుకుపోతాయి, తర్వాత రేకు దూరదు. మడతపెట్టిన అట్టముక్క ఒకటి జేబులో ఉంచుకుని, చక్రం తీయగానే కట్టెల మధ్య దూర్చండి.

టైరు గురించి తీరం చెప్పే పాఠం వేరు. ఇక్కడి ఇసుక గట్ల మీద, రోడ్డు అంచున పల్లేరు కాయ ఎండి రాలి ఉంటుంది. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే నిలబడే కాయ అది. కాలువ గట్ల పొడుగునా సర్కారు తుమ్మ. కంప కొట్టి బండ్ల మీద తరలించిన రోజున దారంతా ముళ్లే. కృష్ణపట్నం రేవు రోడ్డు మీద, 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీ టైర్లు పేలిన చోట్ల జుట్టంత సన్నని ఉక్కు తీగముక్కలు రాలి ఉంటాయి. అవి కంటికి కనపడవు, ట్యూబు మార్చినా టైరులోనే దాక్కుని కొత్త ట్యూబును కూడా పొడుస్తాయి. నెల్లూరు తీరంలో ట్యూబు మార్చడం కంటే చక్రమే మార్చడం మంచిదనడానికి నాకు దొరికే గట్టి కారణం ఆ తీగముక్కే. దాన్ని వేలితో తడిమి వెతికే సమయం పోటీలో ఉండదు.

మీ అసలు చక్రం ట్యూబ్‌లెస్ అయినా స్పేరు చక్రంలో ట్యూబే వేయండి. నెలల తరబడి వాడకుండా ఉన్న ట్యూబ్‌లెస్ టైరులో ద్రవం మన ఎండలకు ఎండిపోతుంది, గాలి నిలవదు. కొత్త రిమ్ముల్లో అంచుకు కొక్కెం లేని హుక్‌లెస్ రకం ఒకటి ఉంది. దానికి తయారీదారు ఒప్పుకున్న టైర్లే వేయాలి, గాలి 5 బార్ అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు. పాత అలవాటులో 100 కొట్టే సాయపడేవాళ్ల చేతికి అలాంటి చక్రం ఇవ్వకూడదు. వెడల్పు టైరు వేసిన స్పేరు చక్రం మీ ఫ్రేమ్‌లో తిరుగుతుందో లేదో కూడా చూడండి. పాత రిమ్ము బ్రేకు బండ్లలో 25 దాటితే చాలాసార్లు కాలిపర్‌కి తగులుతుంది. రోడ్డు పక్క గాలి కొట్టే షాపులో మోటార్ సైకిల్ వాల్వుకు, పాత సైకిల్ వాల్వుకు పంపు ఉంటుంది, రేసు సైకిల్ సన్న వాల్వుకు ఉండదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సంచిలో ఉంచుకోవడం చవకైన జాగ్రత్త.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు 100 పీఎస్ఐ కొట్టి, చక్రాన్ని అద్దాలు మూసిన కారులో మధ్యాహ్నం దాకా వదిలితే లోపల వేడి అరవై డిగ్రీలు దాటొచ్చు, గాలి 112 దాకా పెరుగుతుంది. చక్రం నీడలో పెట్టండి, పోటీకి ముందు మళ్లీ కొలవండి. ఉప్పుగాలి పని నెమ్మది, కానీ గట్టిది. వరండాలో వేలాడదీసిన చక్రంలో బేరింగులు తుప్పుపడతాయి, అల్యూమినియం నిపిళ్లు చువ్వలకు కరుచుకుపోతాయి, తర్వాత బెండు తీద్దామంటే తిరగవు. ఇత్తడి నిపిళ్లున్న చక్రం కొంచెం బరువు, తీరంలో ఉండేవాళ్లకు అదే మంచిది. ఆక్వా గుంటల మధ్య రోడ్ల మీద ట్రాక్టర్లు తెచ్చిపోసే బురద పట్టిన రోజున మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి లోపల పెట్టాలి. సముద్రపు గాలి పొద్దెక్కేకొద్దీ ఊపందుకుంటుంది. తీరం పొడుగునా పోయే దారిలో అది పక్కనుంచి కొడుతుంది. యాభై మిల్లీమీటర్ల లోతు రిమ్ము ముందు చక్రంగా ఉంటే, గుంపులో తొక్కే అలవాటు లేని పిల్లవాడి హ్యాండిల్ ఒక్కసారిగా గుంజుకుపోతుంది. స్పేరు ముందు చక్రం ముప్పై లోపు లోతుది తీసుకోండి.

కొనాలా, అరువు తెచ్చుకోవాలా? మొదటి పోటీకి అరువే సరైనదని నా అభిప్రాయం. ఒకవేళ కొంటే, 28 లేదా 32 చువ్వల అల్యూమినియం చక్రం కొనండి. ముప్పై రెండింటిలో ఒక చువ్వ విరిగినా ఇల్లు చేరవచ్చు. ఇరవై చువ్వల చక్రంలో ఒకటి విరిగితే రిమ్ము వంకరపోయి బ్రేకుకు తగులుతుంది. మన ఊళ్లలో పాత మేస్త్రీలు బెండు తీయడంలో గట్టివాళ్లు. మామూలు చువ్వలున్న చక్రమైతే వాళ్ల చేతిలో సరవుతుంది. ప్రత్యేకమైన చువ్వలున్న ఖరీదు చక్రమైతే చెన్నై దాకా మోసుకుపోవాలి. ఒక్క చక్రమే దొరికితే వెనకది తీసుకోండి. మనిషి బరువులో సగానికి పైగా దాని మీదే పడుతుంది, పంచర్లూ దానికే ఎక్కువ.

ఒకే ఊరినుంచి నలుగురైదుగురు పిల్లలు పోటీకి వెళ్తుంటే ఇంకా మంచి దారి ఉంది. బండ్లు కొనేటప్పుడే ఇరుసు, గేర్ల సంఖ్య, బ్రేకు రకం, రేకు కొలత కలిసేలా చూసుకుంటే ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం అందరికీ సరిపోతాయి. రంగు, బ్రాండు ఎవరిష్టం వాళ్లది. శిక్షకులు, తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పట్టుదలగా ఉంటే పిల్లల డబ్బు ఎంతో మిగులుతుంది.

తెచ్చుకున్న చక్రాన్ని ఇంట్లోనే బిగించి చూడాలి. గేరు చిన్న పళ్లచక్రం మీదికి దించి అసలు చక్రం తీయండి, స్పేరుది పెట్టండి, తిప్పండి, ఒరిపిడి వినపడుతుందేమో చూడండి. అన్ని గేర్లూ పైకీ కిందికీ వేయండి. బండెక్కి వీధి చివరిదాకా పోయి గట్టిగా బ్రేకు కొట్టండి. తర్వాత, పోటీ రోజున మీకు చక్రం మార్చబోయే మనిషి ఎవరో, నాన్నగారో స్నేహితుడో, ఆయన చేత అదే పని మళ్లీ చేయించండి. చాలా పోటీల్లో సమయం పోయేది అక్కడే. చక్రం మంచిదే, మీట ఏ వైపు తిప్పాలో తెలియని చేతుల్లో అది నిలిచిపోతుంది. ఫోర్కు చివర భద్రత కోసం పెట్టిన చిన్న గట్లు దాటాలంటే నట్టు కొంచెం వదులు చేయాలని కూడా ఆయనకు తెలియాలి. చక్రం మీద తెల్ల టేపు చుట్టి పేరు, పోటీ నంబరు, గేర్ల సంఖ్య, రేకు కొలత రాయండి.

పోటీ నిర్వహించేవాళ్లకు ఒక విన్నపం. ప్రవేశ పత్రంలోనే మూడు సంగతులు అచ్చువేయండి: వెనక సాయం బండి ఉంటుందా లేదా, ఉంటే అందులో ఏ ఇరుసుకు ఏ గేర్లకు పడే చక్రాలు ఉంటాయి, పోటీదారులు తమ చక్రాలు ఎన్ని గంటలకు తెచ్చి ఎవరికి అప్పగించాలి. ఇసుకలో పడుకోబెట్టకుండా చక్రాలు నిలబెట్టడానికి ఒక కొయ్య చట్రం చేయించండి, వడ్రంగికి అది ఒక పూట పని. ఆ సంగతులు పత్రంలో లేకపోతే, పిల్లలూ, మీరే ఫోను చేసి అడగండి. పోటీ ముందు రోజు రాత్రి వద్దు, వారం ముందు అడగండి. అరువు చక్రం వెతుక్కోవడానికి, పడకపోతే ఇంకోటి తెచ్చుకోవడానికి ఆ వారం కావాలి.